నొప్పిని ఫోటో తీసిన రోజు

బందరుకీ బెజవాడకీ మధ్య తిరిగే బస్సులో నేను చాలా ఏళ్ళు కండక్టరుగా పనిచేశాను. మాది చేపల కుటుంబం. మా నాన్న కాలవల్లో, చెరువుల్లో వల వేసేవాడు. మా అమ్మ పామర్రు మార్కెట్లో గంప ముందు పెట్టుకుని అమ్మేది. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకని ఖాకీ చొక్కా వేసుకున్న కొత్తలో నాకు కాస్త టెక్కు ఉండేది. పచ్చిచేపల గంపలు బస్సులోకి ఎక్కించకూడదని రూలు. మిగతా కండక్టర్లు చూసీ చూడనట్టు పోయేవాళ్ళు. నేను మాత్రం మావాళ్ళ గంపలే ముందు దింపించేవాణ్ణి. ఒకసారి ఒక ముసలావిడ ఫుట్‌బోర్డు మీద నిలబడి, "నీ ఒంటికీ ఆ వాసనే గదరా అబ్బాయ్, చొక్కా మారిస్తే పోద్దా?" అంది. బస్సంతా నవ్వింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ టెక్కే తర్వాత నా చేత ఒక తప్పు చేయించింది. అది దాచిపెట్టి నా భార్య జబ్బు గురించి చెప్పడం కుదరదు.

తొంభైల మొదట్లో మాకు పెళ్ళయింది. ఆమెది బందరు అవతల సముద్రపు ఒడ్డున ఊరు. పదో తరగతి దాకా చదువుకుంది. నోరున్న మనిషి. పెళ్ళైన నెలకే మా అమ్మ పక్కన పీట వేసుకుని మార్కెట్లో కూర్చుంది. చేప మొప్ప ఎత్తి చూసి అది ఏ పూట పట్టిందో చెప్పేది. ఉద్యోగస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆమె దగ్గరే కొరమేను కోయించుకునేవాళ్ళు, తోలు అంత శుభ్రంగా తీసేది. "నీ పెళ్ళాం వచ్చాక నా గంప మధ్యాన్నానికే ఖాళీ అవుతోందిరా" అని మా అమ్మ మురిసిపోయేది.

పెళ్ళైన మూడో నెల అనుకుంటాను, ఉదయం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి ఆమె వెనకగదిలో ఉత్త గచ్చు మీద ముడుచుకుని పడుకుని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. నుదురంతా చెమట.

"ఏవైందే?"

"ఏం లేదులే. నెలనెలా వచ్చేదే. రెండు మూడ్రోజుల్లో పోద్ది."

నేను కంగారుపడి మా అమ్మని పిలిచాను. ఆమె గుమ్మంలోంచే చూసింది. "ఆడపుటక పుట్టాక తప్పుద్దా? నలుగుర్ని కన్నాను నేను, వారం తిరక్కుండా గంపెత్తుకున్నాను. ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు" అంది. మా అమ్మ చెడ్డది కాదు. ఒంట్లో బాగాలేదని పడుకునే వీలు ఆమెకి జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. అందుకని పడుకున్నవాళ్ళని చూస్తే ఆమెకి అర్థమయ్యేది కాదు. నేను మా అమ్మ మాటే నమ్మాను. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

నెలలు పోయినకొద్దీ నొప్పి పెరిగిందే కానీ తగ్గలేదు. మొదట మా వీధి చివర సూదులు వేసే డాక్టరు, తర్వాత పామర్రు నర్సింగ్ హోం, ఆ తర్వాత బెజవాడ. ఒకచోట అపెండిక్స్ అన్నారు. కోసి తీశారు. కుట్లు మానిన నెలకే నొప్పి మళ్ళీ వచ్చింది. రెండుసార్లు పొట్ట మీద స్కానింగ్ తీశారు. రెండుసార్లూ అంతా నార్మల్ అని రాశారు. ఒక పెద్ద డాక్టరు రిపోర్టు మడిచి చేతిలో పెడుతూ, "పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందయ్యా" అన్నారు. బయటికొచ్చాక ఆమె అంది:

"పిల్లలు పుడితే నొప్పి పోద్దంటాడు ఆయన. ఈ నొప్పి పోతేగాని పిల్లలు పుట్టరని నాకనిపిస్తంది. ఏది ముందో ఎవరన్నా చెబితే బాగుండు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం మా అమ్మకి రిపోర్టు చదివి వినిపించబోతే, నా భార్య నా చేతిలోంచి కాగితం లాక్కుంది. "ఆ నార్మల్ అన్న మాట ఇంకోసారి నా ముందు చదవమాక" అంది.

పిల్లలు పుట్టలేదు. నెలసరి మూడు రోజులూ ఆమె అన్నం తినేది కాదు. ఏదో మొక్కు ఉందేమో అనుకునేవాణ్ణి. అడగలేదు. మా అమ్మ మార్కెట్లో ఒక్కతే కూర్చునేది. ఎవరన్నా "కోడలేదీ?" అంటే, "మూడ్రోజుల సెలవమ్మా, గవర్నమెంటు ఉద్యోగం గదా" అనేది. అలా పదేళ్ళు గడిచిపోయాయి.

అప్పుడు జరిగింది నేను చెబుతానన్న సంగతి.

నా భార్య చెల్లెలు కాన్పుకి బెజవాడ ఆస్పత్రిలో ఉంది. అన్నం క్యారేజీ పట్టుకుని ఆమె పామర్రులో నా బస్సే ఎక్కింది. ఆ రోజే ఆమెకి నెలసరి మొదలైందని నాకు తెలియదు. బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు వేరే డిపో నుంచి వచ్చినవాడు, మా సంగతులు ఎరగడు. ఉయ్యూరు దాటాం. టికెట్లు కొడుతూ ఉంటే ఆమె సీట్లోంచి లేచి, కడ్డీలు పట్టుకుని జనంలోంచి నా దగ్గరికి వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"బస్సు కాస్త ఆపించవా" అంది నా చెవి దగ్గర. "కడుపులో... ఉండలేకపోతన్నా."

"కంకిపాడు ఎంతసేపు? పది నిమిషాలు ఓర్చుకో."

"నావల్ల కాదయ్యా."

వెనక నుంచి ఎవరో, "ఏంటండీ కండక్టరు గారూ, అసలే లేటు!" అన్నారు. అందరూ మా వైపే చూస్తున్నారు. ఈమె నా భార్య అని తెలిస్తే, నా భార్య చెరుకు తోటలో కూర్చోవడానికి బస్సు ఆపించానని అనుకుంటారు. నాకు తట్టింది అదొక్కటే. గొంతు పెంచి అన్నాను:

"ఇది మీ ఇంటి బండి కాదమ్మా. స్టేజీ వచ్చాక దిగండి."

కట్టుకున్న భార్యని అండీ అన్నాను, ఎవరో అన్నట్టు. ఆమె నా మొహంలోకి చూసింది. కడ్డీ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది.

ముందు సీట్లోంచి ఒకామె లేచింది. ఉయ్యూరులో రోజూ ఎక్కే నర్సు. మెడలో చిన్న సిలువ, చేతిలో తెల్లచీర పెట్టుకున్న సంచీ. "మనిషి పడిపోతుంటే స్టేజీ ఏంటండీ? డ్రైవరు గారూ, ఆపండి బస్సు" అని అరిచింది. డ్రైవరు ఆపేశాడు. ఆ నర్సే ఆమె నడుం పట్టుకుని దింపి, రోడ్డు వారగా చెరుకు తోటలోకి నడిపించుకు పోయింది.

రెండు నిమిషాలయింది. నాలుగయింది. పరీక్షకి పోయే కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదాకి పోయే ఒకాయన సణుగుడు మొదలుపెట్టారు. "పోనివ్వండి, వెనక బస్సులో వస్తార్లే" అన్నారెవరో. నేను విజిల్ వేశాను. "రైట్" అన్నాను. బస్సు కదిలింది.

బెజవాడ బస్టాండులో అందరూ దిగాక చూస్తే, ఆమె సీటు కింద క్యారేజీ ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఖాళీ బస్సులో చాలాసేపు కూర్చున్నాను. వెనక్కి వెళ్ళాలో, ఆస్పత్రికి వెళ్ళాలో తోచలేదు. చివరికి ఏదీ చేయలేదు. టైముకి మళ్ళీ బందరు బండి ఎక్కాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె వంట చేస్తోంది. "క్యారేజీ చెల్లికిచ్చావా?" అని అడిగింది. లేదన్నాను. "సర్లే, వెనక బస్సులో పోయి అక్కడేదో కొనిపెట్టా" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండునని ఎంత అనిపించిందో.

రెండు రోజుల తర్వాత ఆ నర్సు బస్సెక్కింది. టికెట్టు ఇస్తుంటే ఆపి, "మీరు పామర్రు మనిషే కదా?" అంది. అవునన్నాను.

"మొన్న దిగిపోయిన అమ్మాయిది పామర్రేనట. ఎవరో కాస్త కనుక్కుని చెప్పండి. పేరడిగితే చెప్పలేదు. మా ఆస్పత్రికి రమ్మంటే తల ఊపింది గానీ రాదు, నాకు తెలుసు. అది ఉత్త కడుపునొప్పి కాదండీ. మోషన్‌కి కూర్చోలేక నా చెయ్యి పట్టుకుని వణికిపోయింది. ఇదిగో చూడండి, గోళ్ళ గాట్లు."

నేను ఆమె చేతి వంక చూస్తూ నిలబడ్డాను.

"మిమ్మల్ని నేను నాలుగు తిట్టానులెండి, బస్సు వదిలేసి పోయారని. ఆ పిల్లేమో, 'ఆయన తప్పేం లేదండీ, ఆయన డ్యూటీ ఆయనది' అంటుంది."

"ఆమె నా భార్యండీ" అన్నాను.

బస్సు కంకిపాడు దాటింది, పెనమలూరు దాటింది. ఆమె నా వైపు చూడలేదు. బెంజి సర్కిల్ దగ్గర దిగేముందు మాత్రం, "బుధవారం సెలవు పెట్టి తీసుకురండి. ఉదయం తొమ్మిదికల్లా" అంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మా పాత కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. లోపలికి తీసుకెళ్ళి చేత్తో పరీక్ష చేసింది. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "గర్భసంచికి వెనక వైపు గట్టిగా ముడిలాగా తగులుతోంది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరిగే జబ్బిది. పొట్ట మీద తీసే స్కానింగ్‌లో లోతున ఉన్నది సరిగ్గా కనపడదు" అంది. "ఎమ్మారై తీయిద్దాం. కోసి చూడ్డం కాదు, ముందు చూసి తర్వాత కోద్దాం. ఏ డాక్టరూ ఎక్కడుందో తెలియకుండా కత్తి పెట్టకూడదు ఇక్కడ."

ఎమ్మారై అనే మాట నేను వినడం అదే మొదలు. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి తీస్తారని బస్సులో ఎవరో అనుకుంటుంటే తర్వాత విన్నాను. అప్పట్లో బెజవాడలో ఆ మిషన్లు ఎక్కువ లేవు. సూర్యారావుపేటలో ఒక సెంటరుకి రాసిచ్చింది. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా రమ్మన్నారు.

ఆ సెంటర్లో ఫోటోలు చూసే డాక్టరు కూడా ఆడమనిషే. నడివయసు ఉంటుంది. మిషన్ దగ్గరికి పంపేముందు మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టుకుంది. కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"ఏ వయసులో మొదలైందమ్మా?"

"పెద్దమనిషైనప్పట్నించీ అండి. పదమూడో ఏట."

"ఆ రోజుల్లో మోషన్‌కి వెళ్తే నొప్పి ఉంటుందా?"

ఆమె నా వైపు చూసింది. డాక్టరు కలం ఆపి, "ఆయన్ని బయట కూర్చోమందామా?" అంది మెల్లిగా.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. ఉండనివ్వండి. విననివ్వండి."

తర్వాత ఆమె చెప్పినవన్నీ నేను పదేళ్ళు ఒకే కప్పు కింద బతికీ వినని మాటలు.

"కత్తి పెట్టి కోసినట్టుంటదండి. అందుకే ఆ మూడ్రోజులూ అన్నం మానేస్తా. తింటే దొడ్డికి పోవాల్సొస్తది గదా అని."

"మీ ఆయనతో కలిసినప్పుడు?"

"ఉంటదండి."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నించీ."

"ఆయనకి చెప్పావా ఎప్పుడన్నా?"

"లేదండి."

నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. డాక్టరు కలం కాగితం మీద అలా నడుస్తూనే ఉంది. అంతకుముందు ఏ డాక్టరూ ఇవి అడగలేదు. ఏ డాక్టరో ఎందుకు, నేనే అడగలేదు.

"ఒంట్లో ఎక్కడన్నా ఇనుము ఉందా? రాడ్లు, బిళ్ళలు, పాత గాయంలో ముక్కలు?"

లేవని చెప్పి, ఆమె లేవబోతూ ఆగింది. "చిన్నప్పుడు అరికాల్లో గాలం దిగిందండి. మా నాన్న లాగి పారేశాడు."

"మొత్తం వచ్చేసిందా?"

"ఏమోనండి. నేను ఏడుస్తా ఉన్నా, చూడలేదు."

ఇరవై ఏళ్ళ కిందటి గాలం గురించి ఆ డాక్టరు ఎంత పట్టించుకుందంటే, వెంటనే పక్కగదిలో కాలికి ఎక్స్‌రే తీయించింది. "అది పెద్ద అయస్కాంతమమ్మా. ముక్క మిగిలుంటే కదులుతుంది" అంది. ముక్కేమీ లేదు. ఆ కాసేపట్లో నా భార్య మొహం మారడం నేను చూశాను. ఆమె చెప్పిన చిన్న మాటని కూడా ఒక మనిషి కాగితం మీద రాసుకుని, నిజమో కాదో చూసి, అప్పుడు ముందుకెళ్ళింది. ఆ మర్యాద ఆమెకి కొత్త.

తర్వాత ఒంటి మీద ఉన్నవన్నీ తీయమన్నారు. పుస్తెలతాడు, గాజులు, చెవులవి, జడపిన్నులు, జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసులు. మెట్టెలు మాత్రం రాలేదు. పదేళ్ళలో వేళ్ళు లావెక్కి బిగుసుకుపోయాయి. అక్కడి ఆయా సబ్బు ముక్క ఇచ్చి కుళాయి చూపించింది. ఆమె వంగలేకపోతోంది. నేనే గచ్చు మీద కూర్చుని, ఆమె పాదం మోకాలి మీద పెట్టుకుని సబ్బు రుద్దాను. పెళ్ళిలో అవి తొడిగింది నేనే. చుట్టూ జనం ఉన్నారు. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస ఆ రోజు నాకు లేదు. "మెల్లిగా, తోలూడిపోద్ది" అంటూ ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపటికి ఒకటి, తర్వాత రెండోది జారి వచ్చాయి. వాటి కింద చర్మం పాలలా తెల్లగా ఉంది.

ఇరుకు చోటంటే ఆమెకి భయం. మిషన్‌ని చూడగానే ఒక అడుగు వెనక్కేసింది. "తూములో దూరినట్టుంది. నేను పోలేను" అంది. పంటకాలవ తూములో ఇరుక్కున్న పిల్లల కథలు వింటూ పెరిగిన వాళ్ళం మేము. డాక్టరు వచ్చి, "మీ ఆయన లోపలే ఉంటాడు, సరేనా?" అంది. నా జేబులో చిల్లర, విజిల్, బెల్టు, వాచీ, తాళాలు అన్నీ ట్రేలో పెట్టించారు. నన్ను కూడా అవే ప్రశ్నలు అడిగారు.

పేగులు కదిలితే ఫోటో చెదురుతుందట. అందుకని ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. పేగు గోడ, పక్క గోడ విడివిడిగా కనపడాలని ముందూ వెనకా జెల్లీ పెట్టాలన్నారు. ఆ పని తెర చాటున డాక్టరే స్వయంగా చేసింది, ప్రతిదీ ముందు చెప్పి చేసింది. తర్వాత పొట్ట మీద పలకలాంటిది ఒకటి పెట్టి, బెల్టులు కట్టి, బల్లని లోపలికి తోశారు. ఆమె మోకాళ్ళ దాకా లోపలికి పోయి, పాదాలు మాత్రం బయట మిగిలాయి.

నన్ను ఆ చివర కుర్చీలో కూర్చోబెట్టారు. చెవుల్లో దూది పెట్టారు. "చెయ్యి అందదు, కాలు పట్టుకోండి. కదపొద్దు" అన్నారు. ఎడమ పాదం పట్టుకున్నాను. మంచులా ఉంది.

చప్పుడు మొదలైంది. సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు, ఆగి, మళ్ళీ ఇంకోరకంగా. మొదట్లో ఆమె కాలివేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. నా రెండు చేతుల మధ్యా ఆ పాదాన్ని అలా ఉంచుకున్నాను. మాట్లాడితే ఆమెకి వినపడదు. బొటనవేలితో అరికాలు మీద మెల్లిగా నొక్కితే, ఆమె వేలు ఒకసారి కదిపేది. ఉన్నావా అంటే ఉన్నాను అన్నట్టు. మైకులో, "కదలకండమ్మా" అని గొంతు వినిపించేది. అప్పుడు ఇద్దరం మానేసేవాళ్ళం. ముప్పావుగంట పట్టింది. పదేళ్ళలో అంతసేపు ఆమె పక్కన ఏ పనీ లేకుండా, ఏమీ మాట్లాడకుండా నేను కూర్చోలేదు.

బయటికి లాగాక మొదట అన్న మాట, "మా ఊళ్ళో మరబోటు ఇంజనే నయం". తర్వాత, "ఆకలేస్తంది" అంది.

పక్క వీధిలో టిఫిన్ హోటల్‌కి తీసుకెళ్ళాను. ఇడ్లీ ప్లేటు ముందుకొచ్చాక, ఇంక ఆగలేక అన్నాను: "ఆ రోజు బస్సులో..."

"విజిలేశావు. విన్నాను" అంది.

"తప్పు చేశానే."

"చేశావు." చట్నీలో ఇడ్లీ ముంచుకుని తింది. "చెరుకు తోటలో కూర్చుని, ఇంటికి పోకుండా మా అమ్మ దగ్గరికి పోదామనుకున్నా. బందరు బస్సు కూడా వచ్చింది. ఎక్కలేదు."

"ఎందుకని?"

"ఏమో. నొప్పి అక్కడికైనా వస్తది గదా అనుకున్నా." నా కళ్ళల్లో నీళ్ళు చూసి, ప్లేటు నా వైపు జరిపింది. "ముందు తిను. నువ్వూ పొద్దున్నించీ తినలేదు, నాకు తెలుసు."

మర్నాడు ఆ సెంటరు డాక్టరు మా ఇద్దర్నీ పిలిచి, ఫిలింలు లైటు పెట్టెకి తగిలించి చూపించింది. నాకు మొదట అంతా మబ్బుల్లా కనిపించింది. ఆమె పెన్ను మొనతో చూపిస్తూ చెప్పింది. "ఇది గర్భసంచి. ఇది కింది పేగు. వీటి మధ్య సన్నటి సందు ఉండాలి. ఇక్కడ చూడండి, లేదు. రెండూ అతుక్కుపోయాయి. ఈ నల్లగా కనిపించేదే ఆ ముడి. లోపల తెల్ల చుక్కలున్నాయి చూశారా? ఇది పేగు గోడలోకి దిగింది. లోపలి పొర దాకా ఇంకా రాలేదు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టాన్ని కూడా పట్టుకోలేదు, అదృష్టం." అది ఎంత పొడవుందో, ఎంత లోతుందో, కింది నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి రాశానని చెప్పింది. అవి తెలిస్తే పేగుల డాక్టరుని కూడా ముందే పిలిపించుకుని, ఒక్క ఆపరేషన్‌తోనే అంతా తీస్తారని చెప్పింది.

నా భార్య లైటు పెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఇదాండీ?" అంది వేలు పెట్టి చూపిస్తూ.

"అదేనమ్మా."

"ఇది పదమూడేళ్ళప్పట్నించీ ఉందంటారా?"

"అప్పుడెంత ఉందో చెప్పలేను. కానీ నువ్వు చెప్పినచోటే ఉంది. నువ్వు చెప్పినవన్నీ దీనికి సరిపోతున్నాయి."

ఆమె తల ఊపింది. కొంగుతో మొహం కప్పుకుని నిలబడి ఏడ్చింది. డాక్టరు తొందరపెట్టలేదు. బయట ఇంకా చాలామంది పేషెంట్లు ఉన్నారు, అయినా తొందరపెట్టలేదు.

ఇంటికి రాగానే ఆమె ఫిలిం తీసి, మా అమ్మని కిటికీ దగ్గరికి పిలిచింది. అమ్మ వెలుతురుకి పట్టుకుని, తిప్పి, మళ్ళీ తిప్పి చూసింది. "ఏవుందే ఇందులో? నాకేం తెలవట్లేదు."

ఆమె వేలు పెట్టి చూపించింది. "ఇక్కడత్తా. పేగూ సంచీ అతుక్కుపోయినయ్యి. ఇదే నా మూడ్రోజుల సెలవు."

మా అమ్మ ఆ నల్లమచ్చ వంక చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని కవర్లో జాగ్రత్తగా పెట్టింది. "నొప్పి అంటే అందరికీ ఉండేదే అనుకున్నానే తల్లీ" అంది. వంటింట్లోకి పోయి, ఆ పూట తనే వండింది. అన్నం పెడుతూ, "మా అక్క కూడా ఇట్టాగే గచ్చు మీద పొర్లేది. పిల్లల్లేరు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించారు" అని, గరిట గిన్నెలో పెట్టి, "దాని కడుపులో ఏవుందో ఎవరు చూశారు" అంది. ఆ పెద్దమ్మ గురించి మా అమ్మ నోట అంతకుముందు మేమెప్పుడూ వినలేదు.

రెండు నెలల తర్వాత ఆపరేషన్ జరిగింది. డాక్టరమ్మ, పేగుల డాక్టరు కలిసి చేశారు. పేగు మానేదాకా మలం పోవడానికి పొట్ట పక్కన సంచీ పెట్టాల్సి రావచ్చని ముందే చెప్పారు. దానికి ఆమె బాగా భయపడింది. ఆ అవసరం పడలేదు. పేగులో చిన్న ముక్క తీసి కలిపి కుట్టారు. ఐదు గంటలు పట్టింది. డ్యూటీ అయిపోయినా ఆ నర్సు ఇంటికి వెళ్ళకుండా బయట బెంచీ మీద మా అమ్మ పక్కన కూర్చుంది. కళ్ళు మూసుకుని పెదవులు కదిలిస్తూ ఆమె ప్రార్థన చేసుకుంటుంటే, ఏం చేయాలో తెలియక మా అమ్మ కూడా కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చి నాతో చెప్పింది: "ఫోటోలో ఎక్కడ చూశామో సరిగ్గా అక్కడే ఉందండీ. వెతుక్కునే పని పడలేదు."

అన్నీ బాగైపోయాయని చెప్పను. పిల్లలు పుట్టలేదు. రెండేళ్ళు చూశాం, మందులు వాడాం, తర్వాత ఆమే చాలంది. ఆ చాలు అన్న రోజు ఆమె మామూలుగానే మార్కెట్‌కి పోయి వచ్చింది. నేనే ఇంట్లో కూర్చుని ఏడ్చాను. అప్పుడప్పుడూ నొప్పి వస్తుంది, కానీ అది మాత్ర వేసుకుంటే తగ్గే నొప్పి. వచ్చినప్పుడు చెబుతుంది. నేను అడుగుతాను. అడగడం నేర్చుకోవడానికి నాకు టైము పట్టింది. మొదట్లో బస్సులో టికెట్టు అడిగినట్టు అడిగేవాణ్ణి, ఆమె నవ్వేది.

ఆపరేషనైన మూడో నెల ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు ఆమెకి నెలసరి రెండో రోజు. పొద్దున మార్కెట్‌కి వెళ్ళి, బేరం చూసుకుని, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. మా అమ్మ మార్కెట్ నుంచి వచ్చి, గుమ్మంలోంచి ఆమె పడుకుని ఉండటం చూసి, గంప కింద పడేసింది.

"ఏమ్మే! మళ్ళీ వచ్చిందా? ఒరేయ్, ఆటో పిలువు!"

ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. కొప్పు ఊడి జుట్టు మొహం మీద పడింది. "ఏం లేదత్తా! నిద్రొచ్చి పడుకున్నా."

"నిద్రా?" అంది మా అమ్మ నమ్మలేనట్టు.

"నిద్రే. పులుసన్నం తిన్నా గదా, కళ్ళు మూతలు పడ్డయ్యి."

మా అమ్మ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. ఆమె మళ్ళీ దిండు సర్దుకుని పక్కకి తిరిగి పడుకుంది. మా అమ్మ పడిన గంప తీసి గోడకి ఆనించి, నా వైపు తిరిగి, "ఆ రేడియో కట్టెయ్యరా, పిల్ల పడుకుంది" అంది.

నేను రేడియో కట్టేశాను.